డీటీపీ షాపుకి ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్ మంచిదా, ఏఎండీ రైజెన్ 5 5600జీ మంచిదా?

పర్లాకిమిడిలో షాపుకి కొత్త సిస్టం కట్టాలి. తెలుగు, ఒడియా పెళ్లికార్డులు, ఫోటోషాప్, సీజన్లో కాస్త వీడియో ఎడిటింగ్. గ్రాఫిక్స్ కార్డు ఇప్పట్లో లేదు. అందుకే 12400ఎఫ్ వద్దు, ఎంత చవకైనా. కార్డు లేకపోతే దానికి బొమ్మే రాదు.

రెండిటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లే. ఫోటోషాప్‌లో ఇంటెల్‌దే పైచేయి. వీడియోని చిప్‌లోనే వేగంగా విప్పే క్విక్‌సింక్ ఉంది కాబట్టి ఫోన్లో తీసిన హెచ్.265 క్లిప్పులు కూడా టైమ్‌లైన్‌లో పెద్దగా తడబడవు. 5600జీలో వేగా గ్రాఫిక్స్ గట్టివే గానీ, అవి ర్యామ్‌నే వాడుకుంటాయి కాబట్టి 16 జీబీ ఒకే స్టిక్ వేస్తే బ్యాండ్‌విడ్త్ సగానికి పడిపోతుంది. 8 జీబీవి రెండు వేయాల్సిందే.

నా సందేహమంతా కరెంటు దగ్గరే. ఉన్నది 600 వీఏ యూపీఎస్, దాని మీదే మానిటర్ కూడా. 12400 పేరుకి 65 వాట్లు, టర్బోలో 117 దాకా లాగుతుంది. 5600జీ 88 దగ్గర ఆగుతుంది. బయోస్‌లో పీఎల్2ని (టర్బోలో లాగే వాట్ల పరిమితి) 65కి బిగిస్తే రెండర్ ఎంత నెమ్మదిస్తుంది? చవక హెచ్610 మదర్‌బోర్డుల్లో ఆ సెట్టింగ్ ఏ మోడల్లో కనిపిస్తుంది? వాడినవాళ్లు బోర్డు పేరుతో సహా చెప్పండి.