నెట్ వైరు ఆరు మీటర్లు తగ్గింది: జాయింట్ వేయాలా, కొత్తది లాగాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మాది వీధి నుంచి వెనక సందు దాకా సాగే పాతకాలం పొడుగిల్లు. రౌటర్ వీధి గదిలో ఉంది. వెనక గదికి ముప్పై మీటర్ల క్యాట్ 5ఈ వైరు (ఎనిమిది రాగి తీగల నెట్ వైరు) ఎప్పుడో లాగించాం. ఇప్పుడు అమ్మ మంచం, మా అబ్బాయి చదువుకునే బల్ల పెరటి అవతల గదికి మారాయి. ఆరు మీటర్లు చాల్లేదు. వచ్చిన కుర్రాడు రంగుకు రంగు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి వెళ్లిపోయాడు. 300 ఎమ్‌బీపీఎస్ ప్లాన్. ఇప్పుడు 94 దాటడం లేదు, వాన పడితే అదీ ఆగిపోతోంది. ఏం చేయమంటారు?

బరంపురం బాబాయి:
వైరంతా మార్చక్కర్లేదు. 94 దగ్గర ఆగిందంటే లింకు వేగం వంద ఎమ్‌బీపీఎస్‌కు పడిపోయిందని అర్థం. ఎనిమిది తీగల్లో నాలుగు కలిసినా వంద నడుస్తుంది. గిగాబిట్‌కు, అంటే వెయ్యి ఎమ్‌బీపీఎస్ లింకుకు, ఎనిమిదీ కావాలి. ఆ మెలిక కోసేసి రెండు కొసలకూ ఆర్‌జె 45 ప్లగ్గు (రౌటర్‌లో గుచ్చే ప్లాస్టిక్ కొస) క్రింప్ చేయించండి, అంటే నొక్కి బిగించమనండి. వరస రెండువైపులా ఒకటే ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మధ్యలో కప్లర్ పెట్టండి, రెండు ప్లగ్గుల్నీ కలిపే చిన్న డబ్బీ అది. వైరు పొడవుకు వంద మీటర్ల వరకు హద్దు, మీది 36.

గుణుపూర్ మాస్టారు:
కప్లర్ వద్దు బాబూ. కొత్త వైరు ఒకే ముక్కగా లాగించు. పెరట్లో పెట్టిన జాయింట్ ఎంత చుట్టినా నీళ్లు తాగుతుంది. మా ఇంట్లో టేపు విప్పి చూస్తే రాగి తీగ మీద ఆకుపచ్చ చిలుం, ముట్టుకుంటే పొడిగా రాలింది. అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష సగంలో ఆగిపోయింది.

బరంపురం బాబాయి:
మాస్టారూ, నేను చెప్పింది కప్లర్. మీరు చెబుతున్నది టేపు జాయింట్. కప్లర్‌ని వెనక గదిలో, గోడకు లోపలివైపు పెడితే నీళ్లెక్కడివి? 36 మీటర్లు వందలో సుమారు మూడో వంతే!

గుణుపూర్ మాస్టారు:
మీరు మీటర్లు వదలరా? పొడవు గురించి నేనేమీ అనలేదు.

రాయగడ వైరింగ్:
వైరు కొంటే రాగిదే తీసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత వేసినది చవగ్గా అమ్ముతారు, క్రింప్ దగ్గరే విరుగుతుంది.

జయపురం చెల్లి:
మధ్యలో నెట్ స్విచ్ (నెట్ వైర్లు గుచ్చే కరెంటు పెట్టె) పెడితే పోదా అన్నయ్యా? అక్కడి నుంచి మళ్లీ వంద మీటర్లు లాగొచ్చు కదా.

బరంపురం బాబాయి:
స్విచ్‌కి కరెంటు కావాలమ్మా. కరెంటు పోతే నెట్టూ పోతుంది. కప్లర్‌కి ఆ బాధ లేదు. నలభై ఇళ్లలో పెట్టాను, ఒక్కరూ ఫోన్ చేసి తిట్టలేదు.

గుణుపూర్ మాస్టారు:
తిట్టకపోతే పని బాగున్నట్టా? ‘ప్రస్తుతానికి చాలు’ అని పెట్టినవన్నీ మన ఇళ్లలో పదేళ్లు ఉండిపోతాయి. మహేంద్రతనయ, ఒకటి అడుగుతాను. వెనక గదికీ ఆ కొత్త గదికీ మధ్య వైరు ఎలా వెళుతోంది?

మహేంద్రతనయ:
పెరటి మీదుగా, జామచెట్టు కొమ్మకు కట్టి.

గుణుపూర్ మాస్టారు:
ఆ గది ఎవరిది?

మహేంద్రతనయ:
తమ్ముడి వాటా. పంపకాలయ్యాక అమ్మ అక్కడే ఉంటానంది. మావాడు నానమ్మ దగ్గరే చదువుకుంటాడు. కొత్త వైరు పైపులో వేయాలంటే తమ్ముడి గోడకు కన్నం కొట్టాలి. అడగాలంటే నాకు మనసు రావడం లేదు.

బరంపురం బాబాయి:
అందుకే చెబుతున్నాను. గోడ ముట్టుకోకుండా ఈరోజే అవుతుంది. అన్నదమ్ముల మధ్య మళ్లీ మాట ఎందుకు తెచ్చుకోవాలి?

గుణుపూర్ మాస్టారు:
మాట రాకుండా చేసిన పనికే నాకు ఆరు నెలలు మాటల్లేకుండా పోయాయి. అడగకుండా మా అన్న డాబా మీదికి వైరు వేశాను. ఎండాకాలం వానకు పిడుగు పడింది. ఆ వైరు వెంట వచ్చిన దెబ్బకు నా రౌటర్ పోయింది, అన్న కంప్యూటర్‌కి నెట్ పోర్టు మాడింది. ‘నా ఇంట్లోకి వైరు పంపేటప్పుడు నన్ను అడిగావా?’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. బాబాయిగారూ, నా కోపం మీ కప్లర్ మీద కాదు.

బరంపురం బాబాయి:
ఇది మొదటే చెప్పాల్సింది మాస్టారూ. రెండు కట్టడాల మధ్య ఆరుబయట రాగి వైరు నేనూ వేయను. అక్కడ ఫైబర్ వేయాలి, గాజు తీగలో కరెంటు పారదు. ఇనప తీగ లేని రకం అడగండి. రెండు కొసల్లో ఫైబర్‌ని మామూలు నెట్ వైరుకు కలిపే చిన్న కన్వర్టర్లు, వాటికి ఇన్వర్టర్ లైను. కానీ దానికీ కన్నం కావాలి.

మహేంద్రతనయ:
అంటే ఎటు పోయినా తమ్ముణ్ని అడగాల్సిందే.

జయపురం చెల్లి:
అమ్మగారితో అడిగించండి అన్నయ్యా.

మహేంద్రతనయ:
అమ్మతో కాదు, నేనే అడుగుతాను. మబ్బు పట్టింది, ఇప్పుడే చెట్టు మీది వైరు రౌటర్ నుంచి పీకేశాను. మావాడు ఈ రాత్రికి వీధి గదిలో చదువుకుంటాడు.

బరంపురం బాబాయి:
మంచి పని. కన్నం బయటివైపుకు కాస్త వాలుగా కొట్టించండి, వాన నీరు లోపలికి రాదు. గోడ మందం ఎంతో కొలిచి పెట్టండి, పైపు సైజు చెబుతాను.