బాబిట్ పురుగు "పులిలా మాటు వేస్తుంది" అనొచ్చా?

పిల్లల కోసం సముద్రజీవుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ బాబిట్ పురుగు దగ్గర ఆగిపోయా. ఒళ్లంతా ఇసుకలో దాచుకుని, తల మీది ఐదు మీసాలు మాత్రం పైకి పెట్టి కూర్చుంటుంది, చేప వచ్చి వాటికి తగిలిందా, టక్కున దవడలు మూసి లోపలికి లాగేస్తుంది. "పులిలా మాటు వేసి" అని రాశా. మా అక్క చదివి, "పురుగేంటి, పులేంటి, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది" అంది. పోలిక అంత తప్పా?

— పొడవులో తీసిపోదండీ. 2009లో జపాన్‌లోని షిరహామాలో, ఒక చేపల రేవులోని తెప్పలో దొరికింది 299 సెంటీమీటర్లుంది, అంటే తోకతో కలిపి పెద్దపులంత. బరువేమో 433 గ్రాములే! 673 ఖండితాలట. పిల్లలకి "కణుపులు" అని రాయండి, ఖండితాలంటే బడి పుస్తకం గుర్తొచ్చి పారిపోతారు.

— నా పేచీ సైజుతో కాదు, మాటతో. మాటు అంటే అడ్డు, చాటు. చెట్టు మాటున, కొంగు మాటున అంటాం కదా. మాటు వేసినవాడు ఉన్నచోటే ఉంటాడు, నడిచి రావలసింది వేట. పులి కూడా నీటిగుంట దగ్గర మాటు వేస్తుంది, కాదనను, కానీ దాని అసలు విద్య గడ్డిలో ఒళ్లు నేలకానించి అడుగులో అడుగు వేసుకుంటూ దగ్గరికి రావడం. దాన్ని పొంచి పొంచి రావడం అంటాం. పురుగుకి ఆ పని రాదు, దానికి తెలిసిందల్లా మాటే. కాబట్టి "పులిలా" తీసేయండి.

— అసలు "పురుగు" అనే మాట సంగతేంటి? మా ఊళ్లో చీకటిపడ్డాక పాముని పాము అనరు, పురుగు అంటారు. మట్టిలో దొరికే పురుగునేమో వానపాము అంటాం! ఈ బాబిట్ వానపాముకీ జలగకీ చుట్టమే. "ఇసుకపాము" అందామంటే నిజం పామనుకుంటారు. చూడ్డానికి జెర్రిలా ఉంటుంది గానీ జెర్రికి కీళ్ల కాళ్లు, దీనికి మెత్తటి తెడ్లలాంటివి, వాటికి ముళ్లలాంటి వెంట్రుకలు. నా ఓటు పురుగుకే.

— అందరికీ థాంక్స్. పులిని తీసేశా, పురుగుని ఉంచా, కణుపులు కూడా పెట్టా. ఇప్పుడు అక్క "టక్కున కాదు, చటుక్కున" అంటోంది.