ఆరో తరగతి పిల్లలకు మొదట చెప్పాల్సింది భిన్నాలా, శాతాలా?

బొబ్బిలి లెక్కల టీచర్:
ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతాను. పుస్తకాల్లో వరుస అందరికీ తెలిసిందే: ముందు భిన్నాలు, తర్వాత దశాంశాలు, చివర శాతాలు. ఈ వరుస తిప్పాలని నా వాదన. నూటితో, అంటే శాతాలతో మొదలుపెట్టి, దశాంశాలు దాటి, అప్పుడు భిన్నాలకు రావాలి.

మొన్న బోర్డు మీద 1/2 + 1/3 రాశాను. సగం క్లాసు పైవి పైన, కిందివి కింద కూడేసి 2/5 అంది. 2/5 అంటే సగం కన్నా తక్కువ కదా, సగానికి ఇంకాస్త కలిపితే తగ్గిపోతుందా అని అడిగాను. ఎవరూ నోరు విప్పలేదు. వాళ్లకు అవి మధ్యలో గీత ఉన్న రెండు అంకెలు, అంతే. మాట మార్చి, ఎకరంలో పావు ఎకరం అమ్మేస్తే ఎంత మిగులుతుందన్నాను. వెనక బెంచీ నుంచి 'డెబ్బై అయిదు సెంట్లండి సార్' అని ఠక్కున వచ్చింది. పరీక్షలో పది మార్కులు దాటని పిల్లాడు వాడు.

ఎకరానికి వంద సెంట్లు. పావు ఎకరం, 0.25 ఎకరం, 25 సెంట్లు, ఎకరంలో 25 శాతం, అన్నీ ఒకటే చెక్క. పాసుపుస్తకంలో 1.25 అని ఉంటే ఎకరం పాతిక సెంట్లని పల్లెటూరి పిల్లలకు ఒకరు చెప్పక్కర్లేదు. తెలిసిన నేల వదిలేసి లవం, హారం అంటూ ఎందుకు మొదలుపెడుతున్నాం?

నరసన్నపేట రిటైర్డ్ మాస్టారు:
టీచర్ గారూ, ఆ పిల్లాడి జవాబు చదివి చాలా సంతోషం కలిగింది. కానీ అదే ఎకరాన్ని ముగ్గురు అన్నదమ్ములకు పంచమనండి. తలా 33 సెంట్లు ఇస్తే ఒక సెంటు మిగులుతుంది. 33.33 అన్నా ఇంకా కాస్త మిగులుతుంది. మూడో వంతు అంటే మాత్రం ఏమీ మిగలదు. ఆరో వంతు, ఏడో వంతు కూడా నూటికి లొంగవు. నూటితో మొదలైన పిల్లాడు వీటిని సరిగ్గా రాని లెక్కలు అనుకుంటాడు. పై తరగతుల్లో x/3 ఇస్తే 0.33x అని రాసేసి, చివర జవాబు కలవడం లేదని ఏడ్చే పిల్లల్ని నా సర్వీసంతా చూశాను.

పైగా భిన్నాలు మనకు కొత్తవా? 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు. అర, పావు, అరపావు, వీసం, ఇలా ప్రతిసారీ సగం చేసుకుంటూ పోవడమే. వీసం అంటే పదహారో వంతు. పాత తెలుగు లెక్కల్లో ఈ ముక్కలకు విడిగా గుర్తులుండేవి, 2008లో అవి యూనికోడ్‌లోకి కూడా ఎక్కాయి. ఒక కాగితం తీసుకుని నాలుగుసార్లు మడత పెట్టించండి. కింద అంకె పెరిగేకొద్దీ ముక్క ఎందుకు చిన్నదవుతుందో పిల్లాడి చేతికే తెలుస్తుంది. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) సంగతి తర్వాత.

పలాస నుంచి ఒక అమ్మ:
నేను టీచర్ని కాను. మా పొదుపు సంఘం పుస్తకం నేనే రాస్తాను. నూటికి రూపాయి వడ్డీ అంటే నెలకు ఒక శాతం, ఏడాదికి 12. పావలా వడ్డీ అంటే ఏడాదికి 3. మా అమ్మాయి ఏడో తరగతి, ఇది చెబితే వెంటనే పట్టేసింది. దానికి అసలు టెన్షన్ పాయింటుతోనే. 0.25, 0.3 లో ఏది పెద్దదంటే పాతికే పెద్దదంటుంది. రెండున్నర గంటలని 2.5 అని రాస్తే రెండు గంటల అయిదు నిమిషాలంటుంది. క్రికెట్‌లో 4.3 ఓవర్లంటే నాలుగున్నర ఓవర్లేనని వాళ్ల అన్నయ్య చెప్పేసరికి ఉన్నది కూడా పోయింది. ఎలా చెప్పాలి?

బొబ్బిలి లెక్కల టీచర్:
అమ్మా, 0.3 ని 0.30 అని రాయించండి. ముప్పై సెంట్లు ఎక్కువా, పాతిక సెంట్లు ఎక్కువా అని అడగండి. చదివేటప్పుడు 'పాయింట్ ఇరవై అయిదు' అననివ్వకండి, 'పాయింట్ రెండు అయిదు' అనాలి. క్రికెట్ చుక్క దశాంశ బిందువు కాదు, ఓవర్లనూ బంతులనూ విడదీసే చుక్క. ఓవరుకు ఆరు బంతులు కాబట్టి మూడు బంతులు సగమయ్యాయి. మీ అబ్బాయి చెప్పింది నిజమే.

మాస్టారూ, నా మాట గాలిలో మాట కాదు. టొరంటోలో జోన్ మాస్, రాబీ కేస్ అనే పరిశోధకులు నాలుగో తరగతి పిల్లలకు గాజు పాత్రల్లో నీళ్లు పోసి ఎంత శాతం నిండిందో చెప్పించారు. అక్కణ్నుంచి దశాంశాలకు, చివరికి భిన్నాలకు తీసుకెళ్లారు. 1999లో ఫలితాలు ప్రచురించారు. మామూలు పద్ధతిలో చదివిన పిల్లల కన్నా వీళ్లకు అవగాహన లోతుగా ఉంది, మామూలు లెక్కలు చేయడంలో తేడా లేదు.

రాజాం రైతు కొడుకు:
శాతం తేలికనే మాట దగ్గర నాకు పేచీ ఉంది. మా ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. 20 శాతం తేమ ఉన్న క్వింటాలు ధాన్యాన్ని 17కి ఆరబెడితే ఎంత తరుగుతుంది? కళ్లంలో ఎవరినడిగినా మూడు కిలోలే అంటారు. నేనూ బీఎస్సీ అయ్యేదాకా అలాగే అనుకున్నాను. అసలు లెక్క వేరు. వంద కిలోల్లో పొడి గింజ 80 కిలోలు. ఆరాక ఆ 80 కిలోలే మొత్తంలో 83 శాతం అవుతాయి. 80ని 83తో భాగించి నూరుతో గుణిస్తే 96.4. అంటే తరిగింది 3.6 కిలోలు. నూరు మారిపోయింది, మనం పాత నూరే పట్టుకుని కూర్చున్నాం. ఇక్కడ గట్టెక్కించింది 80/83 అనే భిన్నమే.

నరసన్నపేట రిటైర్డ్ మాస్టారు:
నేను చెప్పలేకపోయింది ఈ బాబు చెప్పాడు. దేనిలో 17 శాతం అనే ప్రశ్న పిల్లాడికి పుట్టాలి. కింద అంకెను రోజూ కళ్లెదుట చూసేవాడికే అది పుడుతుంది.

బొబ్బిలి లెక్కల టీచర్:
ధాన్యం లెక్క రాసుకున్నాను, ఏడో తరగతికి ఇస్తాను. అయినా మొదటి అడుగు సెంట్లతోనే వేస్తాను మాస్టారూ, ఆ వెనక బెంచీ పిల్లాడు నోరు తెరిచింది అక్కడే. కాకపోతే మూడో వంతును నెలాఖరు దాకా ఆపను. సోమవారమే మీ ముగ్గురు అన్నదమ్ముల లెక్క ఇస్తాను. మిగిలిన ఆ ఒక్క సెంటును ఏం చేద్దామంటారో రాసి పెడతాను.