అప్‌డేట్: షికాగో శివారులో బెండ, గోంగూర ఎప్పుడు వేయాలన్న నా ప్రశ్న

ఏప్రిల్ రెండో వారంలో పగటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ దాటడం చూసి, షికాగో పడమటి శివారులోని మా పెరట్లో బెండ, గోంగూర విత్తనాలు వేయవచ్చా అని అప్పట్లో అడిగాను. మే నడిమి వరకు ఆగమని మీలో చాలామంది చెప్పినా, ఉగాది దాటిందన్న ధీమాతో సగం గింజలు వెంటనే నాటేశాను.

ఒక్కటీ మొలవలేదు. రెండు వారాలకు తవ్వి చూస్తే బెండ గింజలు ఉబ్బి, వేళ్ల మధ్య నొక్కగానే మెత్తగా చితికిపోయాయి. గాలి వేడెక్కినంత మాత్రాన నేల వేడెక్కదని, వంటింటి థర్మామీటరును రెండంగుళాల లోతుకు గుచ్చినప్పుడు గాని నాకు బోధపడలేదు. పొద్దున్నే అది 9 డిగ్రీలు చూపింది, బెండకు కనీసం 18 ఉండాలి.

మిషిగన్ సరస్సు ఒడ్డున ఉండే మిత్రుడికి వసంతంలో పగళ్లు మాకంటే చల్లగా ఉన్నా, రాత్రిళ్లు ఆ నీరే కాపు కాయడం వల్ల మంచు బెడద ముందుగా తీరుతుంది. దూరంగా ఉన్న మాకు మే మొదటి వారాల్లోనూ ఆ భయం తప్పదు.

మిగిలిన బెండ గింజలను రాత్రంతా నానబెట్టి, గోంగూరతో కలిపి మే 22న నాటాను. ఎనిమిదో రోజుకు బెండ తలెత్తింది. గోంగూర అంతకు రెండు రోజుల ముందే మొలిచింది.