పీనట్ బటర్ చాక్లెట్ల మీద తెల్ల చారలు, ఏం చేయాలి?

సెలవులకి అందరూ వస్తున్నారని పీనట్ బటర్ ఉండలు చేసి కరిగించిన డార్క్ చాక్లెట్‌లో ముంచా, ఆ రోజు బాగానే ఉన్నాయి గానీ తెల్లారేసరికి పైనంతా తెల్ల చారలు, ముట్టుకుంటే చేతికి అంటుకుంటున్నాయి. పాడైపోయినట్టేనా?

జవాబు 1: లేదండీ, హాయిగా తినేయొచ్చు. చాక్లెట్‌లో ఉండే కొవ్వు (కోకో బటర్) పైకి తేలిందంతే. అలా కాకుండా ఈసారి ముంచేముందు చాక్లెట్‌ని టెంపరింగ్ చేయాలి, అంటే 45 డిగ్రీలకి కరిగించి, కలుపుతూ 27కి చల్లార్చి, మళ్ళీ 31కి తేవాలి. థర్మామీటర్ లేదా? మూడొంతులు కరిగించి దించేసి మిగతా ముక్కలు అందులో వేసి కరిగేదాకా కలపండి, దాదాపు అదే పని అవుతుంది.

జవాబు 2: నీళ్ళ చుక్క పడనివ్వకండి బాబోయ్, నాదొకసారి ముద్దకట్టేసింది!

అడిగినవారు: థాంక్సండీ. ఉండలు ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే ముంచా, అదీ తప్పేనా?

జవాబు 1: మరీ చల్లగా ఉంటే పైపొర పగులుతుంది, 10 నిమిషాలు బయటుంచండి. అన్నట్టు, వచ్చేవాళ్ళలో ఎవరికైనా వేరుశనగ ఎలర్జీ ఉందేమో ముందే అడగండి.