బార్లీ చేలో పచ్చటి వలయం: ఇది సమాధి దిబ్బేనా?

పాతపటం (ప్రశ్న):
దక్షిణ ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్ సుద్దనేలల శాటిలైట్ ఫొటోలు తీరిక దొరికినప్పుడల్లా చూస్తుంటాను. ఒక బార్లీ చేలో ముదురు ఆకుపచ్చ వలయం కనిపించింది. అడ్డంగా కొలిస్తే 28 మీటర్ల దాకా ఉంది, నడిమధ్యన చిన్న మచ్చ. 2018 వేసవి ఫొటోలో కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది, మిగతా సంవత్సరాల్లో జాడే లేదు. పైగా అక్కడ నేలంతా చదును. దిబ్బే లేనప్పుడు చరిత్రపూర్వ సమాధి అనుకోవచ్చా? ట్రాక్టర్ తిరిగిన గుర్తేమోనని కూడా అనుమానంగా ఉంది.

గట్టుమీద:
దిబ్బ లేదని మాత్రం వదిలేయకండి. తరతరాల దుక్కిలో మట్టికుప్ప చదునైపోయినా, దాని చుట్టూ తవ్విన కందకం అడుగున అలాగే ఉంటుంది. సుద్దరాయిలోకి తవ్విన ఆ కందకం మెల్లగా మట్టితో పూడిపోతుంది. వానలు లేనప్పుడు చుట్టుపక్కల పైరు పల్చటి మట్టిలో ఎండి పసుపెక్కుతుంది. కందకం మీది పైరుకు లోతున తేమ అందుతుంది కాబట్టి ఇంకొన్నాళ్లు పచ్చగా, కాస్త ఏపుగా నిలబడుతుంది. మీరు చూసింది ఆ తేడానే అయి ఉండాలి. అడుగున రాతిగోడ ఉంటే ఇదే తలకిందులవుతుంది, దాని మీది పైరు ముందే ఎండిపోతుంది.

ఒక్క ఏడాదే కనిపించిందని బెంగ వద్దు. 2018లో బ్రిటన్, ఐర్లండ్ రెండింట్లోనూ వేసవి విపరీతంగా ఎండగాసింది. ఆ జూలైలోనే ఐర్లండ్‌లోని న్యూగ్రేంజ్ అనే చరిత్రపూర్వ సమాధి దగ్గర ఆంథొనీ మర్ఫీ, కెన్ విలియమ్స్ డ్రోన్లు ఎగరేస్తే, పొలంలో అంతకుముందు తెలియని పెద్ద వలయాకార నిర్మాణం బయటపడింది. వానలు బాగా పడిన ఏడాది పైరుకు పైమట్టిలోనే నీళ్లు దొరుకుతాయి, ఇక గుర్తెలా వస్తుంది?

ట్రాక్టర్ సంగతి తేల్చుకోవడం తేలికే. బాగా జూమ్ చేసి, చేలో చక్రాలు తొక్కిన జంట గీతలు చూడండి. ఎరువు సరిగా పడక వచ్చిన చారలు ఆ గీతల వెంటే పోతాయి. పాత కందకానికి వాటితో పని లేదు, గీతలకు అడ్డంగా తన దారిన తను తిరిగి వస్తుంది.

మబ్బులేనిరోజు:
గుండ్రంగా ఉన్నదల్లా సమాధి కాదండీ. మధ్యయుగంలో గాలిమరలు కూడా దిబ్బల మీదే కట్టేవారు, వాటి చుట్టూ కందకమూ ఉండేది. తేడా మధ్యలో తెలుస్తుంది: మరను మోసే అడ్డదూలాలు పాతిన చోట శిలువ ఆకారం కనిపిస్తుంది. గడ్డినేలల్లో అయితే శిలీంధ్రాలు కూడా వలయాలు గీస్తాయి, కానీ అవి ఏటేటా వెడల్పవుతాయి. రెండో ప్రపంచయుద్ధపు బాంబు గుంటలూ మోసం చేస్తాయి. మీ మచ్చ ఏ ఆకారంలో ఉంది?

పాతపటం:
శిలువ కాదు, కాస్త కోలగా ఒకటే మచ్చ. వలయం జంట గీతల్ని రెండు చోట్ల దాటుతోంది, ఎక్కడా వంగలేదు. ఇంకో సంగతి, తూర్పున మరో వలయం మసగ్గా ఉంది, దీనికంటే చిన్నది.

గట్టుమీద:
అయితే నా నమ్మకం ఇంకా పెరిగింది. గుండ్రటి సమాధి దిబ్బలు తరచూ గుంపులుగానే ఉంటాయి. బ్రిటన్‌లో ఇవి ఎక్కువగా క్రీ.పూ. 2200–1500 మధ్యవి. మధ్య మచ్చ సమాధి గుంత కావచ్చు, తవ్వకుండా ఖాయంగా చెప్పలేం.

ఇప్పుడు లైడార్ చూడండి, అంటే విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచి తీసిన పటం. ఇంగ్లండ్‌లో పర్యావరణ సంస్థ దాన్ని ఉచితంగానే ఇస్తోంది. ఆ పటం మీద పడే వెలుతురు దిక్కు కంప్యూటర్‌లో మార్చి మార్చి చూస్తే, కంటికి చదునుగా అనిపించే చోట కూడా అరడుగు ఉబ్బు బయటపడొచ్చు. తర్వాత చారిత్రక కట్టడాల సంరక్షణ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ వాళ్ల ఏరియల్ మ్యాపింగ్‌లో (ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూసి గీసిన పటాల్లో) ఆ చోటు ఇప్పటికే నమోదైందేమో వెతకండి. లేకపోతే ఆ కౌంటీ పురావస్తు రికార్డుల విభాగానికి ఫొటో, తేదీ, కొలతలు పంపండి. లొకేషన్ మాత్రం ఇక్కడ పెట్టొద్దు, దయచేసి. రాత్రిపూట మెటల్ డిటెక్టర్లతో దిగేవాళ్లకు ఆ ఒక్క వివరం చాలు, పొలం రైతుదే అయినా నష్టం మనందరిదీ.