అప్‌డేట్: ఆడవాళ్లమంతా కలిసి చూసిన ప్రేమకథలు

పండుగ సెలవుల్లో అమ్మ, పిన్ని, అత్తయ్యలతో కలిసి చూడటానికి మనసును కదిలించే ప్రేమకథలు చెప్పమని అడిగాను కదా. సూచించిన వారందరికీ కృతజ్ఞతలు.

ముందుగా ‘మూగ మనసులు’ (1964) పెట్టాము. గోదావరి, పడవ, సావిత్రి కళ్లు... పిన్ని కొంగుతో కళ్లొత్తుకుంటూనే ఉంది. నన్ను మాత్రం జమున వేసిన గౌరి పాత్ర కట్టిపడేసింది. ఆ గలగల మాటల వెనుక ఎంత బాధ దాచుకుందో! ‘గీతాంజలి’ (1989) కూడా అందరికీ నచ్చింది. ఇళయరాజా పాటలకు అత్తయ్య గొంతు కలిపారు.

అసలు చర్చంతా శేఖర్ కమ్ముల ‘ఆనంద్’ (2004) దగ్గర మొదలైంది. కాబోయే అత్తగారి తీరుకు నొచ్చుకుని రూప పెళ్లి వద్దన్నప్పుడు, అమ్మ ఫోను పక్కన పెట్టి “మంచి పని చేసింది” అంది. ఎప్పుడూ సర్దుకుపొమ్మని చెప్పే అమ్మ! ఇక సినిమా ఆపేసి, కొత్త కోడళ్లుగా తాము దిగమింగుకున్న మాటలన్నీ ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. రూప నిర్ణయమే ఆ సినిమాకు ప్రాణమని నా అభిప్రాయం.

‘సీతా రామం’ (2022) మాత్రం అమ్మమ్మ వచ్చాక చూద్దామని ఆపాము. ఆవిడ కోసం సావిత్రి సినిమాలు ఇంకేవైనా ఉంటే చెప్పండి. ‘మిస్సమ్మ’ ఆవిడకు కంఠతా వచ్చు.